పింగళమ్మ ప్రెసిడెంటుగిరీ

గోదావరి మధ్యలో ఒక లంక, ఆ లంక మీద ఒక మకాం. మకాం అంటే మేడా మిద్దే అనుకునేరు. పొలం గట్టున పశువుల కోసం వేసిన తాటాకు పాక, దాని చుట్టూ దడి, దడి లోపల ఒక కుడితి తొట్టి, ఓ మూల గడ్డిమేటు, అంతే. ఆసామి పొద్దున్నే పడవ మీద వచ్చి పాలు పితుక్కుని, కుడితి పోసి, నాలుగు గింజలు చల్లి వెళ్ళిపోతాడు. మళ్ళీ సాయంత్రం దాకా ఆ మకాం మంచీచెడ్డా చూసుకోవలసింది అక్కడి జీవాలే.

అందుకని అవి ఒక పంచాయితీ పెట్టుకున్నాయి. దానికో ప్రెసిడెంటు. తొట్టి గట్టు ఆ ప్రెసిడెంటు కూర్చునే చోటు. తొట్టి పక్కన కుడితి ఒలికి తడుస్తుండే బంకమట్టి నేల ఉంది. ప్రెసిడెంటు ఏదైనా తీర్మానం చేస్తే ఆ మట్టి మీద అడుగు ముద్ర వెయ్యాలి. ఎండకి ఆ ముద్ర ఆరి గట్టిపడిందా, ఇక అది శాసనం. మళ్ళీ వానలొచ్చి మట్టి కరిగేదాకా ఎవరూ కాదనడానికి వీల్లేదు.

చాలా ఏళ్ళు ఎద్దు ఎర్రన్న తాత ప్రెసిడెంటుగా ఉన్నాడు. తర్వాత పొట్టేలు. ఆ తర్వాత మళ్ళీ ఎర్రన్న తాతే. మకాంలో గేదెలు, మేకలు, కోడిపెట్టలు, బాతులు అన్నీ కలిపి పాతిక దాకా ఆడజీవాలుంటే, మగజీవాలు ముచ్చటగా మూడే. అయినా గట్టు మీద కూర్చోవడం మాత్రం మగజీవాల మధ్యే తిరుగుతూ ఉండేది. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఒకరోజు కుడితి తాగుతూ తాగుతూ గేదె ముర్రమ్మ మూతి పైకెత్తి అడిగేసింది.

"ఎర్రన్న బాబాయ్! పాలిచ్చేది మేము. గుడ్లు పెట్టేది వీళ్ళు. పిల్లల్ని కనేదీ పెంచేదీ మేమే. ఆ గట్టు మీద కూర్చోడానికి మాత్రం మా వంతు రాదేంటి?"

ఎర్రన్న తాత తొందరపడే రకం కాదు. మూడు రోజులు ఆ ప్రశ్నని గడ్డితో పాటు నెమరేశాడు. నాలుగో రోజు, "నువ్వడిగిన దాంట్లో నాకు తప్పు కనబళ్ళేదు ముర్రమ్మా. ఈ ఏడు ప్రెసిడెంటు ఆడదే" అన్నాడు.

మకాంలో పండగ. మేకలు గడ్డిమేటు మీదకి ఎగిరి దూకాయి. బాతులైతే తొట్టిలోనే ఈతలు కొట్టి తిట్లు తిన్నాయి.

ఒక్క డేగయ్యకి మాత్రం గొంతులో గింజ అడ్డం పడ్డట్టయింది. డేగయ్య అంటే మన కథలో పుంజు. ఎర్రటి ఈకలు, నల్లటి తోక, నెత్తిన నాలుగు పాయల తురాయి. మనిషి, అదే, పుంజు మంచిదే. గింజ దొరికితే అందర్నీ పిలిచి గానీ తినదు. కాకపోతే తను కుయ్యకపోతే సూర్యుడు ఆ లంక వైపు రాడని గట్టి నమ్మకం. వచ్చే ఏడు ప్రెసిడెంటు తానేనని అప్పటికే తోక దువ్వుకుంటున్నాడు పాపం. కాసేపు దిగులుగా కూర్చుని, ఉన్నట్టుండి లేచి పెళ్ళాం దగ్గరికి పరిగెత్తాడు.

"పింగళీ! నువ్వు నిలబడుతున్నావ్."

పింగళమ్మ తొమ్మిది పిల్లల్ని రెక్కల కింద సర్దుకుంటోంది. "ఎక్కడండీ?"

"ప్రెసిడెంటుగా!"

"నన్నడగరా?"

"ఇప్పుడు అడుగుతున్నానుగా."

"ఇది అడగడం కాదండీ, చెప్పడం" అంది గానీ, పింగళమ్మకి లోపల సంతోషమే. ఆమె మనసులో చాలాకాలంగా ఒక పని ఉంది. రెల్లుదుబ్బుల వైపు దడికి చెదపట్టింది. కింద తాటాకు పొడి రాలుతోంది. కిందటిసారి పొదిగినవాటిలో మూడు పిల్లలు అటు వైపు మేతకి వెళ్ళి మళ్ళీ కనబడలేదు. ఆ దడి బాగుచేయించమని అడిగీ అడిగీ ఆమె నోరు నొప్పెట్టింది. ప్రెసిడెంటైతే ఇక ఎవర్నీ అడగక్కర్లేదు కదా!

పింగళమ్మ నిలబడిందని తెలియగానే ఇంకెవరూ పోటీకి రాలేదు. గద్ద నీడ పడితే అందరికంటే ముందు అరిచేది ఆమే. బాతుపిల్లకి జబ్బు చేస్తే రాత్రంతా రెక్క కప్పి కూర్చున్నదీ ఆమే. అందరూ వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. రెల్లుపూలతో దండ గుచ్చి, బాతుల పెద్ద తెచ్చి మెడలో వేయబోయింది. మధ్యలో డేగయ్య మెడ చాచాడు. దండ ఆయన మెడలో పడింది.

చప్పట్లు కొట్టేవాళ్ళు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కొట్టారు.

నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఆ ఒక్క క్షణం ఆగినప్పుడు ఎవరైనా ఒక మాట అని ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. ఎవరూ అనలేదు. పింగళమ్మ కూడా అనలేదు. 'పోనీలే, దండే కదా' అనుకుంది.

మొదటి సమావేశం. గట్టు మీద డేగయ్య కూర్చున్నాడు. పక్కన కింద, పిల్లలతో పింగళమ్మ.

"మన దడికి రెల్లు వైపు..." అని మొదలుపెట్టింది పింగళమ్మ.

"కొక్కొరొకో!" అన్నాడు డేగయ్య. "మా ఆవిడ ఉద్దేశం ఏంటంటే, మకాంకి ఒక ఎత్తైన కర్ర కావాలి. దాని మీద నుంచి కూస్తే మన పరువు నాలుగు లంకలకీ తెలుస్తుంది."

"నా ఉద్దేశం అది కాదండీ..."

"ఆవిడకి పిల్లలతో తీరదు" అన్నాడు డేగయ్య నవ్వుతూ. "వ్యవహారాలు నేను చూసుకుంటాను. ఆవిడ ప్రెసిడెంటైతే ఏంటి, నేనైతే ఏంటి? ఇద్దరిదీ ఒకే గంప!"

వెళ్ళి తడిమట్టి మీద తనే అడుగు వేసేశాడు. కోడి అడుగే కదా, ఎవరు పట్టించుకుంటారు? పట్టి చూస్తే మాత్రం తెలుస్తుంది. పుంజు కాలికి వెనక ముల్లుంటుంది. ఆ ముద్రకి వెనకాల చిన్న గుంట పడింది.

అలా రెండు నెలలు గడిచాయి. కర్ర లేచింది. కూత పెరిగింది. దడి అలాగే ఉంది. అన్నిటికంటే విచిత్రం, పక్క లంక నుంచి వచ్చే కొంగలు పింగళమ్మని చూపించి, "ఈవిడే ప్రెసిడెంటు గారి భార్య" అని చెప్పుకోవడం మొదలుపెట్టాయి.

ఒక మధ్యాహ్నం పాక నీడలో దుమ్ములో పొర్లుతున్న పింగళమ్మ దగ్గరికి ముర్రమ్మ వచ్చి కూలబడింది.

"ఏమే అమ్మాయ్, గట్టు మీద నిన్ను కూర్చోబెట్టాలని నోరు చేసుకున్నది నేను. నువ్వేమో కింద కూర్చుంటున్నావ్."

"ఆయన చెడ్డవాడు కాదత్తా."

"నేనన్నానా చెడ్డవాడని? నీ చోట్లో కూర్చున్నాడంటున్నాను."

"అందరి ముందు ఆయన్ని లెమ్మంటే బాగుంటుందా?"

"అందరి ముందు నిన్ను కింద కూర్చోబెడితే బాగుందా?"

పింగళమ్మ దుమ్ము దులుపుకుని పిల్లల్ని పిలుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం ఆమెతో పాటే వెళ్ళింది.

మర్నాడు పొద్దున, ఆసామి పడవ అలా వెళ్ళిందో లేదో, దడి అవతల నుంచి ఒక తియ్యటి గొంతు వినిపించింది.

"ప్రెసిడెంటు గారికి నమస్కారమండీ!"

గుంటనక్క గవర్రాజు! రెల్లుదుబ్బుల్లో ఉంటాడు. కిందటిసారి పోయిన ఆ మూడు పిల్లలు ఏమయ్యాయో అతన్ని అడిగితే తెలుస్తుంది, కానీ అడిగేవాళ్ళు తిరిగి రారు.

డేగయ్య కర్ర చివరికి ఎగిరి కూర్చున్నాడు. "అక్కడే నిలబడి మాట్లాడు!"

"ఆయ్! తమరి దగ్గరికి రావడానికి నేనెంతవాణ్ణండీ? అయినా నాకు పళ్ళన్నీ ఊడిపోయాయండి. ఏవో మెత్తటి నేరేడు పళ్ళు చప్పరించి కాలక్షేపం చేస్తున్నాను. తమరి కూత వింటూ బతుకుతున్నానండి."

డేగయ్య మెడ కాస్త పొడుగైంది. "బాగా వినబడుతోందా?"

"అదే బాధండీ! గొంతేమో బంగారం. ఈ దడే అడ్డం. నాలుగు లంకల వాళ్ళూ కలిసి కూత పోటీలకి ఒక పెద్దని పెట్టుకోవాలనుకుంటున్నారు. నేను తమరి పేరే చెప్పాను. మరి వాళ్ళకి తమరి కూత వినబడాలి కదండీ. ఇటు పక్క రెండు మూరల దడి తీయించేస్తే చాలు, తమరి గొంతు సూటిగా అవతలి ఒడ్డుకి వెళ్ళి తగుల్తుంది."

"రెండు మూరలేనా?"

"రెండంటే రెండేనండి. ఇప్పుడే ముద్ర వేసేయండి, మధ్యాహ్నానికి ఆరిపోతుంది. ఆరగానే దడి తీయించండి. నేను పూలదండ పట్టుకుని ఇక్కడే నిలబడతాను. కొత్త దారిలో మొదటి అడుగు ప్రెసిడెంటు గారిదే!" గవర్రాజు ఒక్క క్షణం ఆగి, అనుమానంగా అడిగాడు. "అవునండీ, ప్రెసిడెంటు అమ్మగారని ఎవరో అన్నారు?"

"పేరుకి ఆవిడ! ఆవిడ తరఫున నేనొచ్చినా ఒకటే."

"ఆ మాట చాలండీ. ఆవిడ తరఫున ఎవరొచ్చినా నాకు ఒకటే."

డేగయ్య కర్ర దిగి, దర్జాగా వెళ్ళి ముద్ర వేశాడు. మేకని పిలిచి, మధ్యాహ్నానికి దడి పీకడానికి సిద్ధంగా ఉండమన్నాడు.

సంగతి తెలిసి పింగళమ్మ పరిగెత్తుకొచ్చింది. "దడి తీసేస్తే పిల్లలేం కావాలండీ?"

"నీకు వ్యవహారం తెలీదు పింగళీ. వాడికి పళ్ళు లేవు."

"మీరు చూశారా?"

"వాడే చెప్పాడు!"

ఇక ఆయనతో లాభం లేదని పింగళమ్మ ఎర్రన్న తాత దగ్గరికి వెళ్ళింది. తాత నెమరేస్తూనే అంతా విన్నాడు.

"తాతయ్యా, ఆ ముద్ర నాది కాదు. చెరిపేయండి."

"నీది కాదని నాకు కనబడుతూనే ఉందమ్మా. వెనక ముల్లు గుంట ఉంది. రెండు నెలల నుంచీ అన్నిటికీ ఉంది."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

"నువ్వెందుకు ఊరుకున్నావ్?" అన్నాడు తాత. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "ఆయన ప్రెసిడెంటునంటున్నాడు. నువ్వు ఒక్కసారీ కాదనలేదు. మేమూ అనలేదు, తప్పు మాదీ ఉంది. ఇప్పుడు హఠాత్తుగా నువ్వు కాదంటే, ఆయన ఔనంటే, మొగుడూ పెళ్ళాల తగవని అందరూ పక్కకి తప్పుకుంటారు. ఈలోగా ఎండకి ముద్ర ఆరిపోతుంది. నేను ప్రెసిడెంటుని కానని ఆయన నోటితో ఆయనే అంటే తప్ప నేను దాని మీద గిట్ట పెట్టలేను."

పింగళమ్మ ముద్ర వైపు చూసింది. అంచులు అప్పటికే తెల్లబడుతున్నాయి. పొద్దు నడినెత్తికి రావడానికి ఎంతో సేపు లేదు. తొమ్మిది పిల్లలూ ఆమె కాళ్ళ చుట్టూ తిరుగుతూ, దేనికీ భయం లేకుండా మట్టిలో పురుగులు వెతుక్కుంటున్నాయి. ఆమెకి నక్క మీద కంటే, మొగుడి మీద కంటే, తన మీద తనకే ఎక్కువ కోపం వచ్చింది. రెండు నెలలు! ఒక్క మాట అనడానికి రెండు నెలలు పట్టిందా!

తర్వాత ఆమెకి ఏం తోచిందో గానీ, ముక్కు పక్క నుంచి నవ్వొచ్చింది.

"తాతయ్యా, ఆయన నోటితోనే అనిపిస్తాను. మీరు మాత్రం నేనడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పండి."

"నాకు అంతకంటే చాతకాదమ్మా" అన్నాడు తాత.

పింగళమ్మ అందర్నీ తొట్టి దగ్గరికి పిలిచింది. డేగయ్య గట్టెక్కి కూర్చున్నాడు. చెదపట్టిన దడి కంతలోంచి అవతల గవర్రాజు చెవుల కొసలు కనబడుతున్నాయి. దండ మాత్రం కనబళ్ళేదు.

"అందరూ వినండి" అంది పింగళమ్మ. "ఈ రెండు నెలలూ మా ఆయన ఎంత కష్టపడ్డారో మీరంతా చూశారు. నా బదులు మాట్లాడారు, నా బదులు కూర్చున్నారు, నా బదులు ముద్రలు వేశారు. ఇంత చేసినాయన్ని ఇంకా ప్రెసిడెంటు మొగుడు అనడం న్యాయమేనా? ఇవాళ్టి నుంచి ఆయనే ప్రెసిడెంటు. పూర్తిగా!"

ముర్రమ్మ కొమ్ములు ఊపుతూ ముందుకొచ్చింది. "పిచ్చెక్కిందా నీకు?"

"ఉండు అత్తా!" అని కన్ను కొట్టింది పింగళమ్మ.

డేగయ్యకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా పింగళి బంగారం" అన్నాడు.

"ఒక్కటేనండీ. ప్రెసిడెంటైనాక ప్రెసిడెంటుకి రావలసినవన్నీ మీకే రావాలి. ఒక్కటి తగ్గినా నేనొప్పుకోను. తాతయ్యా, ప్రెసిడెంటు పనులేంటో చెప్పండి. ఆయన వింటారు."

ఎర్రన్న తాత గొంతు సవరించుకున్నాడు. "గద్ద వస్తే అందరూ పాకలోకి వెళ్ళేదాకా ప్రెసిడెంటు బయట నిలబడాలి."

"బయటా?" అన్నాడు డేగయ్య.

"నేను నిలబడేవాణ్ణి కదా" అన్నాడు తాత. "మీ ఆవిడ కూడా నిలబడుతూనే ఉంది. నువ్వు కర్ర దిగి ముందే పాకలోకి పోతావ్ కాబట్టి చూసి ఉండవు. రెండోది, వరదొస్తే అందర్నీ పడవెక్కించి ప్రెసిడెంటు ఆఖర్న ఎక్కాలి."

"ఆఖర్నా!"

"మూడోది, దడికి కొత్త దారి పెడితే ముందుగా ప్రెసిడెంటు ఒంటరిగా బయటికెళ్ళి, రెల్లు దాకా నడిచి, వెనక్కొచ్చి, భయం లేదని చెప్పాలి. అప్పుడే మిగతావాళ్ళు కదలాలి."

"మరే! మొదటి అడుగు ప్రెసిడెంటు గారిదేనని గవర్రాజు గారు కూడా అన్నారట" అంది పింగళమ్మ. "దండ కూడా తెచ్చారట. మేకమ్మా, దడి పీకు. ఏవండీ, దిగండి మరి."

డేగయ్య దిగలేదు. మెడ చాచి దడి కంతలోంచి అవతలికి చూశాడు. అదే సమయంలో గవర్రాజు సంతోషం పట్టలేక నవ్వాడు. పళ్ళూడిపోయిన నోట్లో పై వరుసా కింద వరుసా తళతళలాడాయి.

డేగయ్య తురాయి ఒక పక్కకి వాలిపోయింది.

"పింగళీ" అన్నాడు. "అసలు, న్యాయంగా చూస్తే..."

"ఆలస్యమైపోతోందండీ, ముద్ర ఆరిపోతోంది. ప్రెసిడెంటు మీరు కదా?"

"నేనా?"

"కాదా?"

"నేనెక్కడ ప్రెసిడెంటుని! అందరూ కలిసి ఎన్నుకున్నది నిన్ను! నేను ఉత్త మొగుణ్ణి!"

"మరి ఆ ముద్ర?"

"అది నాది! నా కాలి ముల్లు గుంట చూడండి, కావాలంటే! నాకేం అధికారం ఉందని వేశాను? చెల్లదు! తాతయ్యా, అస్సలు చెల్లదు!"

మకాం మకామంతా గొల్లుమంది. మేకలు నవ్వలేక కింద పడ్డాయి. బాతుల పెద్దకి ఎక్కిళ్ళొచ్చాయి. ఎర్రన్న తాత మాత్రం నవ్వకుండా నడిచి వెళ్ళి, మట్టి మీద గిట్ట పెట్టి ఒక్క తిప్పు తిప్పాడు. కొంచెం తడి ఇంకా మిగిలే ఉంది. ముద్ర చెరిగిపోయింది.

డేగయ్య గట్టు దిగాడు. పింగళమ్మ గట్టెక్కింది. అక్కడి నుంచి మకాం అంతా, ప్రతి పిల్లా, ప్రతి మూలా ఎంత బాగా కనబడుతోందో చూసి ఆశ్చర్యపోయింది.

అవతల నుంచి గవర్రాజు కేకేశాడు. ఇక్కడ నవ్వులు వినబడ్డాయి గానీ సంగతి అర్థం కాలేదు అతనికి. "ఏమండీ, ప్రెసిడెంటు గారూ! దండ వాడిపోతోందండీ!"

"గవర్రాజు గారూ!" అంది పింగళమ్మ. "ప్రెసిడెంటుని నేనండి."

"ఎవరైతేనేంటమ్మా! తమరే దయచేయండి!"

"నాకు పిల్లలతో తీరదండీ. నా తరఫున ఒకరిని పంపిస్తే మీకేమీ అభ్యంతరం లేదు కదా?"

పుంజునో, బాగా బలిసిన బాతునో పంపిస్తుందని గవర్రాజుకి నోరూరింది. "అయ్యో, తమరి తరఫున ఎవరొచ్చినా నాకు ఒకటేనమ్మా!"

"తర్వాత మాట మార్చరు కదా?"

"నక్క పుటక పుట్టి మాట మారుస్తానా అమ్మా!"

"అయితే దడి ఎందుకు పీకడం, తడిక దారినే పంపిస్తాను. అక్కడే ఉండండి." పింగళమ్మ గట్టు మీద నుంచి తిరిగి చూసింది. "ముర్రమ్మత్తా, నా తరఫున వెళ్ళొస్తావా?"

"ఎంత మాట! ప్రెసిడెంటు చెబితే వెళ్ళనా?" అంది ముర్రమ్మ.

మేక తడిక తీసింది. ముర్రమ్మ దడి చుట్టూ తిరిగి నెమ్మదిగా రెల్లులోకి నడిచింది. గవర్రాజు దుబ్బు వెనక పొట్ట నేలకి ఆనించి కాచుకుని ఉన్నాడు. రెల్లు కదిలింది. కళ్ళు మూసుకుని, నోరు పెద్దగా తెరిచి, ఉన్న బలమంతా పెట్టి దూకాడు. పోయి పోయి ముర్రమ్మ ముంగాలికి కొట్టుకుని వెల్లకిలా పడ్డాడు.

కళ్ళు తెరిచేసరికి ఆకాశం కనబళ్ళేదు. ముర్రమ్మ మొహం కనబడింది.

"ప్రెసిడెంటు గారి తరఫున వచ్చాను. దండేది?" అంది.

"దండా... దండ అంటే... ఇంట్లో మర్చిపోయానండీ."

"పర్లేదు. మేమే మర్యాద చేస్తాం" అని, ముర్రమ్మ తల వంచి, కొమ్ముల మధ్య అతన్ని సుతారంగా ఎత్తి, మెడ ఒక్క విసురు విసిరింది. గవర్రాజు రెల్లు మీద నుంచి, ఇసుక మీద నుంచి ఎగిరి వెళ్ళి గోదాట్లో దబ్బుమని పడ్డాడు. పడ్డవాడు ఇటు ఈదలేదు. అవతలి ఒడ్డెక్కి, తోక పిండుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. ఆ లంకలో మళ్ళీ అతని అడుగు పడలేదు.

ఇక ఆ సాయంత్రం దాకా మకాంలో జరిగిన సంబరం చెప్పడం నా వల్ల కాదు. పింగళమ్మ తడిమట్టి మీద తన అడుగు తానే వేసింది. వేళ్ళు మూడూ స్పష్టంగా, వెనక ముల్లు గుంట లేకుండా. తీర్మానం ఒకటే: రెల్లు వైపు దడి, తుమ్మకంప దన్నుగా పెట్టి, ఇప్పుడే కట్టాలి. మేకలు కంప ఈడ్చుకొచ్చాయి. ముర్రమ్మ కొమ్ములతో నెట్టింది. బాతులు కింద సందుల్లో బురద మెత్తాయి. డేగయ్య ఒక మూల ముడుచుకుని కూర్చుని ఉంటే పింగళమ్మే వెళ్ళి పిలిచింది.

"ఏవండీ, పనిలో ఉన్నాం. పిల్లల్ని కాస్త చూస్తారా?"

"తొమ్మిదింటినీ?"

"నేను రోజూ చూస్తున్నవే."

గంట తిరిగేసరికి డేగయ్య తురాయి చిందరవందర అయింది. ఒకడు వీపెక్కాడు, ఒకడు తోక పీకాడు, ఒకత్తి కనబడకుండా పోయి తొట్టి వెనక దొరికింది. "రోజూ ఇంతేనా పింగళీ?" అని రొప్పుతూ అడిగాడు. "ఇవాళ కాస్త బుద్ధిగా ఉన్నారు" అంది ఆమె. ఆ రోజు నుంచి పిల్లల పని ఒక పూట ఆయన, ఒక పూట ఆమె చూసుకున్నారు. సమావేశాల్లో డేగయ్యకి ఏదైనా తోస్తే లేచి నిలబడి అడిగేవాడు, అందరిలాగే. కొన్నిసార్లు ఆయన చెప్పిందే బాగుండేది. అప్పుడు పింగళమ్మ మెచ్చుకుని మరీ ముద్ర వేసేది.

కొన్నాళ్ళకి గడ్డి పడవలో పక్క లంక పుంజొకటి వచ్చింది. దండిగా ఉన్న దడిని, అందరికీ సమంగా అందుతున్న కుడితిని చూసి, డేగయ్య భుజం తట్టి అడిగింది.

"మకాం బ్రహ్మాండంగా నడుపుతున్నావోయ్! ప్రెసిడెంటువి నువ్వే కదా?"

డేగయ్య మెడ పొడుగు చేశాడు. రెక్కలు రెండుసార్లు టపటపలాడించాడు. అక్కడున్న వాళ్ళందరూ ఊపిరి బిగబట్టారు.

"కాదు. మా ఆవిడ" అన్నాడు డేగయ్య, నాలుగు లంకలకీ వినబడేలా.

నీతి: ఆడవాళ్ళకి పదవి ఇస్తే సరిపోదు, అందులో వాళ్ళని కూర్చోనివ్వాలి, వాళ్ళ మాట వాళ్ళనే మాట్లాడనివ్వాలి.